మీట నొక్కితే దరువు!

చేతిలో పుల్లల్లేవు. ఎదురుగా డ్రమ్ములూ లేవు. ఉన్నదల్లా ఓ కంప్యూటరూ, దానికి తగిలించిన బుల్లి కీబోర్డూ. నాలుగు మీటలు నొక్కి పట్టుకుంటే చాలు... దం-చిక్-టక్-చిక్! వేళ్లు తీసేదాకా దరువు ఆగదు. తమాషా ఏంటంటే, ఆ పని చేస్తున్న పరికరం అసలు దరువు కోసం పుట్టిందే కాదు. దాని పేరు ఆర్పెజియేటర్.

సినిమా పాట మొదలవగానే తాళం పట్టిన గడియారంలా చిటచిటమంటూ సాగే సన్నటి దరువు వింటుంటాం. పెళ్లి వీడియోలో, టీవీ సీరియల్ టైటిల్‌లో, రీల్స్‌లో... ఎక్కడ చూసినా అదే. ఒక మనిషి రెండు చేతులతో అంత వేగంగా, అంత సమంగా, అంతసేపు ఎలా వాయిస్తాడబ్బా అనిపిస్తుంది. చాలాసార్లు అక్కడ వాయించే మనిషి ఉండడు. మీటలు నొక్కిపట్టిన వేళ్లుంటాయంతే.

వీణ తీగల మీద వేలు జారినట్టు...

ఆర్పెజియేటర్... పేరు నోరు తిరగకపోయినా విషయం చిన్నదే. పియానో మీద మూడు నాలుగు స్వరాలు ఒకేసారి నొక్కితే దాన్ని కార్డ్ అంటారు. అవే స్వరాలు ఒకదాని వెనక ఒకటిగా పలికితే ఆర్పెజియో. ఇటలీ భాషలో 'ఆర్పా' అంటే హార్ప్ అనే తంత్రీవాద్యం. దాని తీగల్ని వరసగా మీటుకుంటూ పోతారు కాబట్టి ఆ పేరొచ్చింది. వీణ మీద ఓ చివర నుంచి మరో చివరకి వేలు జారిస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట.

చేత్తో వాయించాలంటే దానికి బోలెడు సాధన కావాలి. 'ఆ శ్రమ యంత్రానికి అప్పగిస్తే?' అన్న ఆలోచనే ఆర్పెజియేటర్. మీరు మీటలు నొక్కి పట్టుకుంటే చాలు, వాటిని ఒక్కోటిగా, లయ తప్పకుండా, మళ్లీ మళ్లీ అదే పలికిస్తుంది. జపాన్‌కి చెందిన రోలాండ్ కంపెనీ 1978లో తెచ్చిన జూపిటర్-4 సింథసైజర్‌లో ఈ సదుపాయం ఉంది. ఇంగ్లిష్ బృందం డురాన్ డురాన్ 1982లో చేసిన 'రియో' పాటలో జలజలమని జారే శబ్దాలు దాని చలవే. తర్వాత్తర్వాత ఖరీదైన యంత్రాల నుంచి ఆర్పెజియేటర్ సాఫ్ట్‌వేర్‌లోకి దిగింది. ఇప్పుడు ఏబుల్టన్ లైవ్, ఎఫ్ఎల్ స్టూడియో, లాజిక్ ప్రో, క్యూబేస్... ఏ సంగీత సాఫ్ట్‌వేర్ తెరిచినా ఓ మూల అది కూర్చుని ఉంటుంది.

ఇంతవరకూ స్వరాల కథ. మరి ఇందులోకి డ్రమ్ములు ఎలా వచ్చాయి?

36 అంటే దం... 38 అంటే టక్!

ఒకప్పుడు ఒక కంపెనీ కీబోర్డు మాట ఇంకో కంపెనీ యంత్రానికి అర్థమయ్యేది కాదు. రోలాండ్ వ్యవస్థాపకుడు ఇకుటారో కకెహాషి, అమెరికా ఇంజినీరు డేవ్ స్మిత్ లాంటివాళ్లు పూనుకోవడంతో 1983లో అన్నిటికీ ఒకే భాష వచ్చింది. అదే మిడి. ఆ కృషికి ముప్ఫై ఏళ్ల తర్వాత, 2013లో, ఈ ఇద్దరికీ సాంకేతిక విభాగంలో గ్రామీ దక్కింది.

మిడి భాషలో శబ్దం ఉండదు. అంకెలే ఉంటాయి. 'ఫలానా నంబరు మీట, ఇంత బలంగా నొక్కారు, ఇప్పుడు వదిలేశారు'... అంతే. ఆ అంకెను అందుకున్న వాద్యం పియానో అయితే అది స్వరమవుతుంది. డ్రమ్ కిట్ అయితే దెబ్బ అవుతుంది. ఏ నంబరుకి ఏ డ్రమ్మో తేల్చేస్తూ 1991లో ఓ జాబితా కూడా ఖాయం చేశారు. దాని ప్రకారం 36 అంటే కాలితో తొక్కే పెద్ద డ్రమ్ము, కిక్. 38 స్నేర్. 42 మూసి ఉన్న హైహ్యాట్ తాళాలు, 46 తెరిచినవి. 49 ఝల్లుమనే క్రాష్.

అసలు కిటుకు ఇక్కడుంది. ఆర్పెజియేటర్‌కి తన చేతిలో ఉన్నవి సరిగమలో డ్రమ్ములో తెలీదు. దానికి కనిపించేవి అంకెలే. అందుకే పాట కోసం తయారైన పరికరాన్ని తీసుకెళ్లి డ్రమ్ కిట్ ముందు పెడితే ఏ అభ్యంతరం లేకుండా వాయించేస్తుంది. 2001లో వచ్చిన యమహా మోటిఫ్ కీబోర్డులో డ్రమ్ముల కోసమే సిద్ధం చేసిన ఆర్పెజియోలు పెట్టారంటే ఈ ఉపాయం ఎంతగా పాకిందో చూడండి.

నాలుగు వేళ్ల ప్రయోగం

కంప్యూటర్లో డ్రమ్ములు రాయడానికి అలవాటైన పద్ధతి వేరే ఉంది. పదహారు గళ్లు వరసగా ఉంటాయి. ఎక్కడ దెబ్బ కావాలో ఆ గడి నింపాలి. చుక్కల ముగ్గు లాంటిదే. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్ మీద పదహారు రంగురంగుల బటన్లు ఉండేది ఇందుకే. ఓపిగ్గా చుక్కలు కలుపుకుంటూ పోతే ముగ్గు వస్తుంది కానీ, ఒక్కో చుక్కా మనమే పెట్టాలి.

ఆర్పెజియేటర్‌తో ఆ బాధ లేదు. మీటలు పట్టుకుని వింటూ ఉండటమే. ఉదాహరణకి వేగాన్ని ఎనిమిదో వంతు స్వరానికి పెట్టి, వరస దగ్గర 'నొక్కిన క్రమంలో' అన్నది ఎంచుకోవాలి. ఇప్పుడు 36, 42, 38, 44... ఈ నాలుగు మీటల్నీ ఒకదాని తర్వాత ఒకటి నొక్కి, అలాగే పట్టుకోవాలి. దం-చిక్-టక్-చిక్, దం-చిక్-టక్-చిక్! (44 అంటే కాలితో మూసే హైహ్యాట్.) ప్రపంచంలో సగం పాటలకి ఆధారమైన దరువు ఇదే.

వేళ్లు కదపకుండా, వరసను మాత్రం 'కింది నుంచి పైకి' అని మారిస్తే? అవే మీటలు దం-టక్-చిక్-చిక్ అంటాయి. దరువు ముఖమే మారిపోతుంది. 'పై నుంచి కిందికి' అంటే ఇంకోటి. 'ఎలా పడితే అలా' అని పెడితే తాగినవాడి నడకలా ఉంటుంది... అయితే ఆ నడకలోనూ అప్పుడప్పుడూ ఓ అడుగు ఎవరూ ఊహించనంత అందంగా పడుతుంది. దాన్ని పట్టుకుని భద్రం చేసుకోవడమే నేర్పు.

ఇంకో వింత ఉంది. ఆర్పెజియేటర్‌లో 'అష్టకాలు' అన్న మర ఒకటి ఉంటుంది. స్వరాలకైతే అదే రాగం పై స్థాయిలో వినిపిస్తుంది. డ్రమ్ములకి పై స్థాయి ఏముంటుంది? నంబరుకి పన్నెండు కలుస్తుందంతే. 36 కాస్తా 48 అవుతుంది, అంటే టామ్ డ్రమ్ము. 42 కాస్తా 54, అంటే టాంబురిన్. ఇంకో పన్నెండు కలిపితే బోంగో, కాంగా, టింబాలే మీదకి వెళ్లిపోతుంది. కిక్, స్నేర్, హైహ్యాట్... మూడింటినే నొక్కితే తొమ్మిది వాద్యాలు వంతులేసుకుని పలుకుతాయి. ఎవరూ అలా రూపొందించాలని అనుకోలేదు, అంకెల లెక్క కలిసొచ్చిందంతే.

ఒక్క మీటనే పట్టుకున్నా ఉపయోగమే. హైహ్యాట్ ఒక్కటే నొక్కి వేగాన్ని పదహారో వంతు నుంచి ముప్ఫై రెండో వంతుకి తిప్పితే చిట-చిట-చిట కాస్తా చిర్ర్ర్ మంటుంది. నేటి ట్రాప్ పాటల్లో చెవుల దగ్గర కీచురాయిలా వినిపించేది ఇలాంటిదే. 

తకిట తకధిమి

మూడు మీటలు పట్టుకుంటే మాత్రం కథ రసకందాయంలో పడుతుంది. మన సంగీతం నేర్చుకుంటున్న పిల్లలకి ఇది చిటికెలో అర్థమవుతుంది.

పాట నాలుగు దెబ్బల లెక్కలో నడుస్తోందనుకుందాం. ఒక్కో దెబ్బలో నాలుగు చొప్పున ఆవర్తానికి పదహారు మాత్రలు. అంటే తకధిమి నాలుగుసార్లు. పట్టుకున్నవి మూడు మీటలు కాబట్టి ఆర్పెజియేటర్ తకిట తకిట అంటూ పోతుంది. పదహారుని మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. అందుకే మొదటి ఆవర్తం కిక్‌తో మొదలైతే, రెండోది స్నేర్‌తో, మూడోది హైహ్యాట్‌తో మొదలవుతుంది. నలభై ఎనిమిది మాత్రలు గడిచాక, నాలుగో ఆవర్తం తొలి దెబ్బ మీద మళ్లీ కిక్ వచ్చి కూర్చుంటుంది. అయిదు మీటలు పట్టుకుంటే అయిదు ఆవర్తాలు, ఏడు పట్టుకుంటే ఏడు. తిశ్రం, ఖండం, మిశ్రం... మృదంగ విద్వాంసుడు తని ఆవర్తనంలో లెక్క కట్టి తెచ్చి సమం మీద దించేది కూడా ఈ గణితాన్నే. తేడా ఏంటంటే, ఆయన ఆ లెక్కని మనసులో పెట్టుకుని వాయిస్తారు. యంత్రానికి లెక్క పెడుతున్న సంగతే తెలీదు.

అనుభవం ఉన్న ప్రోగ్రామర్లు అందుకే కిక్‌నీ స్నేర్‌నీ ఆర్పెజియేటర్‌కి అప్పగించరు. ఆ రెంటినీ చేత్తో కుదురుగా రాసుకుంటారు. మేకు దిగ్గొట్టినట్టు అవి కదలకుండా ఉంటాయి. ఆ పైన తిరిగే షేకర్లూ, గంటలూ, కాంగాలూ మాత్రం మూడు నాలుగు మీటలుగా ఆర్పెజియేటర్ చేతికిస్తారు. అప్పుడు కింద నేల కదలదు, పైన గాలిపటం తిరుగుతూనే ఉంటుంది. అలా వచ్చినదాన్ని రికార్డు చేసుకుని, మళ్లీ తెరిచి, సగానికి సగం దెబ్బలు చెరిపేస్తారు. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఈ చెరపడమే. ఖాళీ లేని దరువు వినేవాళ్లకి ఊపిరాడనివ్వదు.

బిగుసుకుపోయిన దరువు

ఇంత సుఖంగా ఉంటే డ్రమ్స్ నేర్చుకోవడం ఎందుకు? రెండు నిమిషాలు వింటే తెలుస్తుంది. నిమిషానికి నూట ఇరవై దెబ్బల వేగంలో పదహారో వంతు స్వరానికి పట్టే కాలం 125 మిల్లీసెకన్లు. యంత్రం ప్రతిసారీ సరిగ్గా అంతే తీసుకుంటుంది. ప్రతి దెబ్బా ఒకే బలంతో పడుతుంది. మనిషి చెయ్యి అలా కాదు. కుడిచేతి దెబ్బలా ఎడమచేతిది ఉండదు. డప్పునే తీసుకోండి. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. రెంటి నాదమూ వేరు, బరువూ వేరు. మంట మీద కాచి బిగువెక్కించిన చర్మం కాసేపటికి సడలితే ఆ మేరకు నాదం కూడా మారుతుంది. రెండు దెబ్బల్ని రికార్డు చేసి రెండు మీటల్లో పెట్టి ఆర్పెజియేటర్‌తో తిప్పితే డప్పులాగే ఉంటుంది గానీ, అడుగు వేయాలనిపించదు.

ఈ చిక్కుని మొదట గట్టిగా పట్టించుకున్నవాళ్లలో అమెరికాకి చెందిన రోజర్ లిన్ ఒకరు. 1980లో ఆయన తెచ్చిన ఎల్ఎమ్-1లో నిజమైన డ్రమ్ముల శబ్దాలే డిజిటల్‌గా రికార్డై ఉండేవి. ధర దాదాపు 5 వేల డాలర్లు. సుమారు 500 మాత్రమే తయారయ్యాయి. అందులో ఆయన 'స్వింగ్' అనే మర పెట్టారు. వరసలో ప్రతి రెండో పదహారో వంతు దెబ్బనీ పిసరంత ఆలస్యం చేస్తుందది. యాభై శాతం దగ్గర దరువు తిన్నగా ఉంటుంది. అరవై ఆరు దగ్గర గుర్రపు నడక వస్తుంది. మధ్యలో ఎక్కడో... తల ఊపడం మొదలవుతుంది! ఇవాళ దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్ ఆర్పెజియేటర్‌ పక్కనా ఇలాంటి మర కనిపిస్తుంది. దెబ్బల బలం మార్చే సదుపాయం కూడా ఉంటుంది. కొత్తవాళ్లు ఈ రెంటినీ ముట్టుకోకుండా వదిలేస్తారు. అందుకే వాళ్ల దరువు కుట్టుమిషన్‌లా వినిపిస్తుంది.

ఇంకాస్త ముందుకెళ్లినవారు జె డిల్లా. లిన్ రూపొందించిన ఎంపీసీ యంత్రం మీదే, సమయాన్ని సరిదిద్దే సదుపాయాన్ని పక్కన పెట్టి, వేళ్లతో కాస్త ముందూ వెనకా పడేలా వాయించారు. హిప్‌హాప్ నడకే మారిపోయింది. 2006లో ముప్ఫై రెండేళ్లకే కన్నుమూసిన ఆయన యంత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

డిస్కో దరువులో పది రాగాలు

ఈ యంత్రాల కథలో మనవాళ్ల పేరు కూడా ఒకటి పెద్దక్షరాలతో ఉంది. ముంబయి సినిమా వాద్యబృందాల్లో గిటార్ వాయించే చరణ్‌జీత్ సింగ్ అప్పటి కొత్త యంత్రాలు మూడు సంపాదించారు. దరువుకి టీఆర్-808, కింది స్వరాలకి టీబీ-303, రాగానికి జూపిటర్-8. వాటి మీద భైరవ్, లలిత్ లాంటి పది హిందుస్థానీ రాగాల్ని డిస్కో దరువులో వాయించి 1982లో ఓ రికార్డు చేశారు. ఎవరికీ పట్టలేదు. అయిదేళ్ల తర్వాత షికాగో కుర్రాళ్లు అదే టీబీ-303తో 'యాసిడ్ హౌస్' అనే కొత్త సంగీతాన్ని పుట్టించి ప్రపంచాన్ని ఊపేశారు. 2010లో ఓ డచ్ సంస్థ సింగ్ రికార్డుని మళ్లీ విడుదల చేస్తేగానీ 'ఇది ముందే ముంబయిలో అయిపోయిందా!' అని లోకం నోరెళ్లబెట్టలేదు. అప్పటికి ఆయన వృద్ధుడు. ఆ వయసులో విదేశాల్లో కచేరీలు చేసి, 2015లో కన్నుమూశారు.

దక్షిణాదిలో 1986లో వచ్చిన 'పున్నగై మన్నన్'కి ఇళయరాజా కంప్యూటర్ సీక్వెన్సర్ వాడటం పెద్ద విశేషమైంది. రాజ్-కోటి లాంటి తెలుగు సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించిన ఏఆర్ రెహమాన్ 1989లో చెన్నైలో ఇంటి పెరట్లోనే స్టూడియో కట్టుకున్నారు. 1992లో 'రోజా' వచ్చింది. ఆ తర్వాత సినిమా పాటలో దరువు అనేది ప్రోగ్రామ్ చేసే వస్తువైపోయింది.

మరి వాయించే చేతులు?

ఒకప్పుడు సినిమా పాట రికార్డింగ్ అంటే హాలు నిండా జనం. తబలా, ఢోలక్, డ్రమ్స్, కాంగా, మొరాకస్... ఒక్కో వాద్యానికీ ఓ మనిషి, ఆ మనిషి వెనక ఓ కుటుంబం. కీబోర్డు ముందు కూర్చున్న ఒక్కడే అందరి శబ్దాలూ పలికించడం మొదలయ్యాక ఆ హాళ్లు పల్చబడ్డాయి. 'కళ ఎప్పుడూ మారుతూనే ఉంటుంది' అని తేలిగ్గా అనేయొచ్చు గానీ, పిలుపు రావడం మానేసిన ఢోలక్ కళాకారుడి దగ్గర ఆ మాట అనడం కష్టం.

ఇది మన దగ్గరే కాదు. 1982 మేలో బ్రిటన్‌లో మ్యుజీషియన్స్ యూనియన్ సెంట్రల్ లండన్ శాఖ సింథసైజర్లనీ డ్రమ్ మెషీన్లనీ నిషేధించాలని తీర్మానమే చేసింది. తీగవాద్యాల బృందం బదులు సింథసైజర్లు పెట్టుకుని ఓ ప్రముఖ గాయకుడు కచేరీలకి రావడం వాళ్ల కోపానికి కారణం. ఆ నిషేధం దేశమంతటా అమలు కాలేదు. యంత్రాలూ ఆగలేదు.

కొందరు మాత్రం యంత్రంతో పోట్లాడకుండా దాన్ని చంకలో పెట్టుకున్నారు. మన ఊళ్లలో పెళ్లి ఆర్కెస్ట్రా వేదిక మీద చూడండి. ఒకప్పుడు నలుగురు తాళవాద్యకారులు కూర్చున్న చోట ఇప్పుడు 'ప్యాడ్స్' కళాకారుడు ఒక్కరే నిలబడతారు. రోలాండ్ 1985లో తెచ్చిన ఎనిమిది పలకల ఆక్టోప్యాడ్‌కి వారసులవి. శబ్దం యంత్రానిది. కొట్టే చెయ్యి మాత్రం ఢోలక్ మీదో తబలా మీదో నలిగిన చెయ్యే. ఆర్పెజియేటర్‌తోనూ అంతే. ఎక్కడ చెరపాలో, ఏ దెబ్బ బరువు పెంచాలో దరువు తెలిసినవాడికే తెలుస్తుంది. 1981లో వచ్చిన 'ఇన్ ది ఎయిర్ టునైట్' పాటలో మూడున్నర నిమిషాలు వినిపించేది రోలాండ్ సీఆర్-78 అనే యంత్రం. దాన్ని వాడిన ఫిల్ కాలిన్స్ స్వయంగా పేరుమోసిన డ్రమ్మర్! ఆ తర్వాత ఆయన అసలు డ్రమ్ములు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఆ పాటని జనం గుర్తుపెట్టుకున్నది ఆ క్షణం కోసమే.

ఇంట్లో ప్రయత్నిస్తారా...

పిల్లలు సరదాపడితే ఖర్చేమీ లేదు. ఆపిల్ పరికరాలున్నవారికి గరాజ్‌బ్యాండ్ ఉచితం. విండోస్, లినక్స్ వాళ్లకి ఎల్ఎమ్ఎమ్ఎస్ ఉచితంగా దొరుకుతుంది. రెంటిలోనూ ఆర్పెజియేటర్ ఉంది. మిడి కీబోర్డు లేకపోయినా కంప్యూటర్ అక్షరాల మీటలే పియానో మీటల్లా పనిచేస్తాయి. ముందు వేగం తగ్గించి రెండు మీటలతో మొదలుపెట్టాలి. ఆ తర్వాతే మూడోది. ఆ తర్వాతే మూడోది. ఒక్కోసారి మూడో అక్షరమో నాలుగోదో నొక్కినా పలకదు. కంగారుపడక్కర్లేదు, మామూలు కంప్యూటర్ కీబోర్డులు కొన్ని అక్షరాల్ని కలిపి నొక్కితే గుర్తించలేవు. వేరే అక్షరాలకి మారితే సరి. హెడ్‌ఫోన్లు మాత్రం ముందే కొనిపెట్టుకోండి. దం-చిక్-టక్-చిక్ మొదటి పది నిమిషాలే ముచ్చటగా ఉంటుంది... పక్కగదిలో ఉన్నవాళ్లకి!